పచ్చిగా మిగిలిన అంచు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆయన కాలేయంలోని గడ్డ పూర్తిగా కాలలేదని ఆయనకు చెప్పింది నేనే. చెప్పవలసినవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ చెప్పలేదు. స్కానింగు విభాగంలో రిపోర్టులు టైపు చేసే నేను, ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే అక్షరం తప్పు కొట్టే నేను, చెప్పాను. ఆ సంగతి అమ్మకు కూడా తెలియదు. డైరీలో ఆనాటి పేజీ తీసి చూస్తే "ఎండ. తలనొప్పి. బస్సులో సీటు దొరకలేదు" అని మాత్రం ఉంది. నా డైరీని కూడా నేను నమ్మలేదు.

పోయిన మంగళవారం ఆయన భార్య మా కౌంటరు దగ్గరికి వచ్చారు. ఆయన పోయి నెల కావస్తోందట. ఆయన పని చేసిన ఉక్కు ప్లాంటు ఆఫీసులో ఇవ్వడానికి పాత రిపోర్టుల నకళ్ళు కావాలన్నారు. నేను కంప్యూటరులో వెతుకుతుంటే ఆవిడ అద్దానికి అవతల స్టూలు మీద కూర్చుని, నాతోనో తనతోనో తెలియనట్టు మాట్లాడారు.

"మొదటిసారి కాల్సినప్పటి ఆ రిపోర్టు కవరు బియ్యం డబ్బా అడుగున దాసినానమ్మా. గుడ్డలో సుట్టి ముడేసి మరీ దాసినాను. ఆయనెలగ కనిపెట్టినాడో ఇప్పటికీ తెల్దు. తీసి సూస్తే ఏసిన ముడి ఏసినట్టే ఉన్నాది."

నేను ప్రింటరులో కాగితాలు సర్దాను. అవి సరిగానే ఉన్నాయి. మళ్ళీ సర్దాను. ఆవిడ నకళ్ళు సంచిలో పెట్టుకుని, మోకాలు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళిపోయారు. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. నిజానికి పేరు కన్నా ముందు నాకు ఫిల్ము కవరు మీది నంబరు గుర్తొస్తుంది. ఈ పనిలో కొన్నేళ్ళుంటే అలాగే అవుతుంది. డాక్టరు గారు టేప్‌రికార్డరులో చెప్పిన ఇంగ్లీషు వాక్యాలు చెవులకు తగిలించుకుని పొద్దుటి నుంచి పొట్టలు టైపు చేస్తాను. సాయంత్రానికి మనుషులు మనుషుల్లా మిగలరు. ఒకరి పిత్తాశయంలో రాళ్ళు, ఒకరి మూత్రపిండంలో నీటిబుడగ, ఒకరి కడుపులో ఏమీ లేకపోవడం. ఇంటికి వెళ్ళి పుస్తకం తెరిస్తే అందులోని వాళ్ళకు కూడా ఎక్కడో ఒక మచ్చ ఉండి ఉంటుందనిపిస్తుంది. అలాంటి రోజుల్లో కూడా ఆయన నాకు చేతులతో గుర్తుండిపోయారు.

దేన్నైనా ఆయన ముందు చేతి వెనక వైపుతో తాకేవారు. కుర్చీని, తలుపు పిడిని, మంచినీళ్ళ గ్లాసును, నేను అద్దం కింద సందులోంచి అందించిన కవరును కూడా. వేళ్ళ వెనక భాగం ఒక్క క్షణం ఆనించి, ఆ తర్వాతే అరచేత్తో పట్టుకునేవారు. మొదటిసారి చూసినప్పుడు మా కౌంటరు బల్ల మురికిగా ఉందని అసహ్యించుకుంటున్నారేమో అనుకుని, తడిగుడ్డ తెచ్చి తుడిచాను. ఆయన నవ్వారు.

"మురికని కాదమ్మా. అలవాటు. కాలినదాన్ని అరిసేత్తో ముట్టుకున్నావనుకో, సెయ్యి ముడుసుకుపోయి దాన్నే పట్టుకుంటాది. ఎనక్కి తిప్పి ముట్టుకుంటే, ముడుసుకున్నా నీ వైపుకే వస్తాది. కొలిమి కాడ మొదటి రోజు నేర్పే సదువు ఇదే."

ఆ సాయంత్రం మా వంటింట్లో పాలగిన్నెను అలా తాకి చూశాను. నిజమే.

ఆయన ఇల్లు కూర్మన్నపాలెంలో. ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే కొలిమి దగ్గర ఇరవై ఏళ్ళు పని చేశారు. భూములు పోయినవాళ్ళకు ఇచ్చిన ఉద్యోగం అది. "నాను దున్నిన మడి మీదే కొలిమి కట్టినారు. అదే మడిలో మల్లీ కూలికెల్లినాను. పంట మారిందంతే" అనేవారు. బాధగా అనేవారు కాదు. ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పేవారు. టీ తెప్పించుకుంటే దాని మీద మీగడ కట్టి గోధుమరంగు పొర ముడతలు పడేదాకా ముట్టుకునేవారు కాదు. అప్పుడు ఒక్క గుక్కలో తాగేసి, "ఏడి సూసుకోడానికే గాని తాక్కోడానికి కాదు" అనేవారు. లివరు జబ్బు అని తెలియగానే అందరూ తనను తాగుబోతుగా చూస్తున్నారని మహా కోపం. "ఎప్పుడో కామెర్లొచ్చి తగ్గినాయంటే ఇనరు. ప్రతీవోడూ ముందు నా నోటి వాసన సూస్తాడు. సుక్క ముట్నేదురా నాయనా అంటే, అందరూ అలాగే అంటారంటాడు."

నా సొరుగులో దాచుకున్న పుస్తకాన్ని కనిపెట్టింది కూడా ఆయనే. నేను గభాలున సొరుగు మూసేశాను.

"దాసుకో, దాసుకో. మా షిఫ్టులో ఒకడు హెల్మెట్టులో పెట్టుకునీవోడు."

అప్పటి నుంచి నన్ను "రాతల గుంట" అనడం మొదలుపెట్టారు. మాది గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. మా ఇళ్ళల్లో ఆడపిల్లను గుంట అని ఎవరూ పిలవరు. మొదట ముఖం మాడ్చుకున్నాను. తర్వాత ఆ పిలుపు కోసం చూసేదాన్ని.

ఆయనకు ఏ వైద్యం చేయాలో డాక్టరు గారు చెప్పిన రోజు పాత రిపోర్టులు పట్టుకుని నేను ఆ గదిలో ఒక మూల నిలబడి ఉన్నాను. ఆయనా, భార్యా, భార్య తమ్ముడూ ఎదురుగా కూర్చున్నారు. మామూలుగా మనవాళ్ళు డాక్టరును "నయమవుతుందా?" అని ఒక్కటే అడుగుతారు, తర్వాత చేతులు జోడిస్తారు. ఈయన ఫోర్‌మన్ కొత్త యంత్రాన్ని ఒప్పజెప్పుకునేటప్పుడు అడిగినట్టు అడిగారు.

"కోసి తీయడానికి వీల్లేదండీ," అన్నారు డాక్టరు గారు. "మీ లివరు ఇప్పటికే గట్టిపడింది. ముక్క తీసేస్తే మిగిలింది మీకు చాలదు. అందుకని సన్నటి సూది గడ్డలోకి దింపి, కరెంటుతో వేడి పుట్టించి, లోపలే కాల్చేస్తాం."

"ఎంతేడండి?"

"తొంభై, వంద డిగ్రీల దాకా."

ఆయన భార్య వైపు తిరిగారు. "వందంట. నువ్వు పప్పుడకబెట్టీ ఏడి." మళ్ళీ ఇటు తిరిగి, "మాకాడ పదహారొందలండి. సర్లెండి, ఎంతసేపు?"

"ఒక్కో చోట పన్నెండు, పదిహేను నిమిషాలు."

"గడ్డెంతుంది?"

"చిన్న నిమ్మకాయంత."

"నిమ్మకాయంత గడ్డకి నిమ్మకాయంతే కాలిస్తే సాలదు కదండి."

డాక్టరు గారు కలం కింద పెట్టారు. "చాలదు. చుట్టూ మంచి కండను కూడా సెంటీమీటరు మేర కాలుస్తాం. ఎవరు చెప్పారు మీకు?"

"ఎవులూ సెప్పనేదండి. ఏ పన్లోనైనా మోసం సేసీది అంచులే."

భార్య మధ్యలో అందుకున్నారు. "పేనానికేటీ బయం నేదు కదా బాబూ?"

డాక్టరు గారు దాచకుండా చెప్పారు. రక్తం కారవచ్చు, పక్కనున్న పేగుకో పిత్తాశయానికో వేడి తగలవచ్చు, కాలిన చోట చీము పట్టవచ్చు. చాలామందికి ఇవేవీ రావు, కోత కన్నా ఇది ఒంటికి తేలిక. "కానీ ఒక్కసారి కాల్చగానే అయిపోయిందని నేను మాటివ్వను. నెల తర్వాత స్కాను తీస్తేనే మొత్తం కాలిందో లేదో తెలుస్తుంది. మిగిలితే మళ్ళీ కాల్చాలి. అంతా కాలినా, లివరులో ఇంకోచోట కొత్తది పుట్టదని చెప్పలేం."

బావమరిది ముఖం పాలిపోయింది. ఆయన మాత్రం బయటికి వచ్చాక వరండాలో, "ఈ డాట్రు మంచోడే. సల్లారక ముందే పనయిపోనాదనడు" అన్నారు. ఆ ఒక్క మాట మీద ఆయన ఒప్పుకున్నారు.

కాల్చే రోజు అద్దాల గదిలో కూర్చుని నిమిషాలూ డిగ్రీలూ కాగితం మీద రాసే పని నాకు పడింది. పూర్తి మత్తు ఇవ్వలేదు. కరెంటు సూది గుండా లోపలికి వెళ్ళి తిరిగి బయటికి రావడానికి రెండు తొడల మీదా అరచేయంత పట్టీలు అతికిస్తారు. అంతా సిద్ధమయ్యాక ఆయన గొంతు మైకులో వినిపించింది.

"సిస్టరమ్మా, ఈ ఎడం కాలి పట్టీ ఒక మూల లేచిపోనాది."

"పర్లేదు బాబాయ్, కదలకండి."

"పర్లేదంటే ఎలగమ్మా? కరెంటు ఎల్లీ దారి సన్నమైపోతే అక్కడే కాల్తాది. గడ్డ కాల్తాదో నేదో గాని నా తొడ మాత్రం ఏగిపోతాది."

డాక్టరు గారు వంగి చూశారు. అక్కడ వెంట్రుకలు సరిగా గీయలేదు, పట్టీ సగం గాలిలో ఉంది. దాన్ని పీకేసి, శుభ్రంగా గీసి, కొత్తది వేయించారు. సిస్టరు ముఖం ఎర్రబడింది. "కోప్పడకమ్మా," అన్నారాయన మత్తులోకి జారుతూ. "మా కాడైతే దీనికి మెమో ఇస్తారు."

నేను రాసుకుంటూ పోయాను. యాభై, డెబ్భై, తొంభై. తెర మీద సూది చుట్టూ తెల్లటి బుడగల మేఘం లేచింది. ఆయన నిద్రలో ఒకసారి మూలిగారు. ఎవరి ఒంట్లోనో కండ ఉడుకుతుంటే నేను అంకెల కింద గీతలు గీస్తున్నాను.

నెల తిరిగి స్కానుకు వచ్చిన రోజున మొగుడూ పెళ్ళాలు నా కౌంటరు ముందే పోట్లాడుకున్నారు. కాల్చిన తర్వాత కొన్నాళ్ళు జ్వరం వస్తుందనీ, భయపడవద్దనీ, నీళ్ళు బాగా తాగాలనీ డాక్టరు గారు చెప్పి పంపారు. ఇంటికి వెళ్ళాక జ్వరం వచ్చింది. ఆవిడ మజ్జిగ చిలికారు. ఆయన ముట్టుకోలేదు.

"మీరే సెప్పండమ్మా, ఒల్లు పెనంలాగ కాలిపోతంది. ఏడి సేసినోడికి సలవ సెయ్యాలా, వొద్దా? మజ్జిగ తాగడు, సబ్జానీల్లు తాగడు, తడిగుడ్డ ఎయ్యనివ్వడు."

"కాలిన ఇనుం మీద నీల్లు కొడితే ఏటవుతాది?" అన్నారాయన నావైపు చూసి. "ఫట్‌మని పగుల్తాది. దాన్ని దాని మానాన మెల్లగ సల్లారనివ్వాల. లోపల కాలింది కదా, ఈవిడ పైనుంచి సల్లబెట్టీస్తానంటది."

"నువ్వు ఇనుమేటి?"

"ఇరవయ్యేల్లు దాని పక్కనున్నాను. సగం అదే."

నేను నవ్వాను. ఆ కౌంటరులో నేను అలా పైకి నవ్వడం చూసి పక్క గదిలోని సిస్టరు తొంగి చూసింది. ఆయనను స్కానుకు లోపలికి పిలిచారు. వెంటనే ఆవిడ అద్దం సందు దగ్గరికి వంగి, గొంతు తగ్గించారు.

"ఆయనికి తెల్దమ్మా. మూడు రోజులు నిద్దట్లో సెంచాతో మజ్జిగ పోసినాను. కుడిపక్కన తడిగుడ్డ కూడా ఏసినాను. జొరం దిగింది. సెప్పకండే."

ఆ సాయంత్రం డాక్టరు గారి గొంతు నా చెవుల్లో చెప్పింది: గడ్డలో ఎక్కువ భాగం కాలిపోయింది. ఒక అంచున, పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉన్న చోట, సన్నటి ముక్క బతికే ఉంది. వారం పది రోజుల్లో మళ్ళీ కాల్చడం మంచిది. నేను టైపు చేశాను. అలాంటి సన్నటి ముక్కలు నాకు కొత్త కాదు. మళ్ళీ వస్తామని వెళ్ళి ఆరు నెలలకు వచ్చినవాళ్ళ రిపోర్టులు కూడా నేనే టైపు చేశాను. సన్నటి ముక్క అని ఉన్న చోట అప్పుడు వేరే మాటలు ఉండేవి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెద్ద జబ్బయితే రిపోర్టు కవరు అంటించి, రోగి చేతికి కాకుండా వెంట వచ్చినవాళ్ళ చేతికి ఇస్తారు. అలా రాసిపెట్టిన నియమమేమీ లేదు. అందరిళ్ళల్లోనూ అలాగే అడుగుతారు, అందరు డాక్టర్లూ అలాగే తలూపుతారు. మర్నాడు కవరు కోసం అక్కాతమ్ముళ్ళిద్దరే వచ్చారు, బావమరిది తీసుకున్నాడు. డాక్టరు గారు పక్కకు పిలిచి చెప్పారు. "వారంలో తీసుకురండి. ఆయనకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"మేం ఇంటి కాడ నెమ్మదిగా సెప్పుకుంటాం సార్."

తర్వాత అక్కాతమ్ముళ్ళు నా కౌంటరు పక్కన గోడవైపు తిరిగి మాట్లాడుకున్నారు. మళ్ళీ కాల్చడమంటే ఆయన తట్టుకోలేడనీ, ఎలమంచిలి వైపు ఎవరో నాటు వేరు మందు ఇస్తారనీ, అంతా కాలిపోయిందని ఆయనకు చెప్పేద్దామనీ తమ్ముడన్నాడు. ఆవిడ అతని చేతిలోంచి కవరు తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. అతను ఆటో కోసం వెళ్ళాక నా దగ్గరికి వచ్చారు.

"మిగిలింది ఏ పక్కనమ్మా? నాను తడిగుడ్డ ఏసిన పక్కేనా?"

నాకు సమాధానం తెలుసు. తడిగుడ్డకూ, మజ్జిగకూ, లోపల కాలని ముక్కకూ ఏ సంబంధమూ లేదు. రెండు వాక్యాలు చాలు. కానీ టైపిస్టుకు కళ్ళూ వేళ్ళూ ఉంటే చాలు, నోరుండకూడదని చేరిన రోజునే మా విభాగం చూసుకునే మేడం చెప్పారు. ఆ మాట నాకు శిక్షలా ఎప్పుడూ అనిపించలేదు, దాక్కోవడానికి చోటు దొరికినట్టుండేది. "డాక్టరు గారిని అడగండి" అన్నాను. ఆవిడ అడగలేదు. తల మీద కొంగు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ వీపు నన్ను పది రోజులు వదల్లేదు.

వారం గడిచింది. రాలేదు. అపాయింట్‌మెంట్ల పుస్తకంలో రోజూ వెతికేదాన్ని. పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన ఒక్కరే వచ్చారు. కూర్మన్నపాలెం నుంచి బస్సులో, ఎండలో. చొక్కా వెనక చెమటతో అంటుకుపోయింది. కౌంటరు దగ్గర ఎవరూ లేరు. బల్లను చేతి వెనక వైపుతో తాకి, రెండు మోచేతులూ ఆనించారు.

"రాతల గుంటా, ఒక మాట సెప్పు. కాలిందా?"

"డాక్టరు గారు..."

"డాట్రు మా వోల్లకి సెప్పినాడు. మా వోల్లు నాకు కాలిపోనాదన్నారు. అయితే మా ఇంటిది పది రోజులై మజ్జిగ సెయ్యడం మానీసింది. పెరుగు తోడెట్టడం కూడా మానీసింది. అడిగితే పాలు ఇరిగిపోతన్నాయంటది. పొయ్యి కాడ కూకుని ఏడుస్తంది, పొగంటది. మా ఇంట్లో గ్యాసు."

నేను కీబోర్డు పక్కకు జరిపాను.

"నిద్దట్లో పోసింది, నాకు తెల్దనుకుంది. మింగినోడ్ని నానే కదా, నాకు తెల్దేటి? నోరు మూసుకుంటే దాని సరదా తీరుతాదని ఊరుకున్నాను. ఇప్పుడు సూస్తే అది మజ్జిగ మానీసింది. అంటే కాలనేదు. దాని వల్లే కాలనేదని అనుకుంటంది. అవునా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చాలా వరకు కాలిందండి. ఒక అంచు మిగిలింది."

"ఎంత?"

నేను చిటికెన వేలి గోరు చూపించాను.

"పక్కనేటుంది?"

"పెద్ద రక్తనాళం ఉందండి. దానికి ఆనుకుని ఉన్న చోటే మిగిలింది."

ఆయన ముఖం మీద ఏదో ముడి విడిపోయినట్టయింది. నేను భయపడినట్టు ఏడుపు కాదు. లెక్క కుదిరిన మనిషి ముఖం.

"మరదే కదా!" అన్నారు. "కొలిమి గోడల్లో నీటి గొట్టాలుంటాయి. గోడ కాలిపోకుండా ఎప్పుడూ నీల్లు పారుతునే ఉంటాయి. ఆ గోడ పక్కనున్న ఇనుం ఎంత మంటెట్టినా కరగదు, గడ్డ కట్టి అలగ అంటుకునుంటాది. పారీది ఏడిని పట్టుకుపోతాది. నెత్తురూ అంతే కదా? నువ్వు కాలుస్తన్నావు, అది పక్కనుంచి సల్లబరుస్తంది."

"అవునండి."

"ఇది నీ మాటా, కాయితం మీదుందా?"

"రక్తనాళం పక్కనే అని కాగితం మీద ఉందండి."

"సదువు."

కంప్యూటరులో తీశాను. ఇంగ్లీషు వాక్యం పైకి చదివి, తెలుగులో చెప్పాను. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. నేను కారిడారు వైపు తిరిగి చూడడం ఆయన గమనించారు.

"నువ్వు సెప్పినావని ఎవులికీ తెల్దు. కవరు నాకు దొరికిందంటాను. ఎక్కడో దాసుంటాది, అది ఏదైనా బియ్యంలోనే దాస్తాది."

మర్నాడు ముగ్గురూ వచ్చారు. ఆ వారంలోనే రెండోసారి కాల్చారు. డాక్టరు గారు ఈసారి సూదిని వేరే వైపు నుంచి, రక్తనాళానికి దగ్గరగా దింపి, ఎక్కువసేపు ఉంచారు. మళ్ళీ నేనే నిమిషాలు రాశాను. సాయంత్రం వార్డుకు ఒక కాగితం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆవిడ స్టీలు గ్లాసులో మజ్జిగ పోస్తున్నారు. ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నారు.

"ఇదిగో, కల్లు తెరిసుకునే తాగుతన్నాను, సూడు. పగిలితే పగిలింది."

"మల్లీ అదే మాట!"

"ఎన్నిసార్లు సెప్పాలే? నీ మజ్జిగ కాదు. నా నెత్తురే. నాదే నన్ను సల్లార్సింది."

ఆవిడ గ్లాసు అందుకుని ముఖం అటు తిప్పుకున్నారు. బావమరిది కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను కాగితం మంచం మీద పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాతి స్కానులో అంచు కూడా నల్లబడింది. ఫిల్ము మీద బతికున్నది తెల్లగా, కాలిపోయింది నల్లగా కనిపిస్తుందని చెబితే ఆయనకు నవ్వొచ్చింది. "మాకాడ నల్లబడిందంటే పని సచ్చినట్టే. ఇక్కడ నలుపే బాగంట!" మూడేళ్ళు అలా నల్లటి ఫిల్ముల మీద వచ్చి వెళ్ళారు. మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి. వచ్చినప్పుడల్లా చల్లారిన టీ, బల్ల మీద చేతి వెనక వైపు, ఒక్క ప్రశ్న. "నలుపేనా?" నేను తలూపేదాన్ని. అంతకు మించి మాటలు మా మధ్య అవసరపడలేదు. రిటైరయ్యాక ఒకసారి తోటకూర కట్టలు తెచ్చి, "పూర్ణా మార్కెట్టులో కొన్నది కాదు, ఇంటెనక నాను పండించింది" అని నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. మడి పోయిన మనిషి కదా, చారెడు నేల దొరికినా వదిలేవారు కాదు.

ఆ మూడేళ్ళూ నేను ఇచ్చినవని ఎప్పుడూ అనుకోలేదు. సూది దింపింది డాక్టరు గారు. డాక్టరు గారే మళ్ళీ పిలిపించేవారేమో, ఆవిడే ఉండబట్టలేక చెప్పేవారేమో. కానీ ఆ మధ్యాహ్నం నోరు తెరిచిన తర్వాత నాకు ఒక బరువు అలవాటైంది. అద్దం అవతల ఎవరు నిలబడినా, కాలిందా అని అడుగుతారేమోనని తల దించుకుంటాను. అడిగినవాళ్ళకు మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కరికి చెప్పి, మిగతా అందరికీ దాచాను. దీన్ని ధైర్యం అనాలో ఇంకేమనాలో నాకు తెలియదు. ఆలోచించే ఓపిక కూడా తగ్గిపోయింది.

మూడు నెలల క్రితం ఆయన చివరి స్కాను వచ్చింది. పాత చోటు నల్లగానే ఉంది. అక్కడి నుంచి ఏమీ రాలేదు. లివరులో ఎడమ వైపు కొత్తవి మూడు. పొట్టలో నీరు. ఈసారి కాల్చడానికి లివరులో శక్తి లేదని డాక్టరు గారు టేపులో చెబుతూ, వాక్యం మధ్యలో కాసేపు ఆగారు. ఆ నిశ్శబ్దాన్ని టైపు చేయడానికి లేదు. కవరు అంటించి బావమరిది చేతిలో పెట్టాను. అతను ఇప్పుడు తల నెరిసిన మనిషి. తీసుకుని డాక్టరు గారి గదిలోకి వెళ్ళాడు. ఆవిడ మందుల షాపు దగ్గర వరసలో ఉన్నారు.

ఆయన అద్దానికి అవతల చక్రాల కుర్చీలో ఉన్నారు. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టక వట్టి పాదాలతో ఉన్నారు. కళ్ళు పసుపు. నేను పొద్దున్నే నిర్ణయించుకున్నాను, అడిగితే చెబుతానని. మాటలు కూడా కూర్చుకున్నాను, ఆయన మాటల్లోనే. పాతది బాగా కాలిందని ముందు చెప్పాలి. తర్వాత మిగతాది. గొంతు సవరించుకుని, కుర్చీ వెనక్కి జరిపి, లేచి నిలబడ్డాను. డాక్టరు గారి గది తలుపు వేసే ఉంది. కారిడారులో ఎవరూ లేరు.

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆ తర్వాత మెల్లగా, చిన్నపిల్లను బుజ్జగించినట్టు అన్నారు.

"కూకో గుంటా. ఇయ్యాల నిన్నేటీ అడగను. అలిసిపోయినట్టున్నావు, టైమైపోనాది, నువ్వు ఇంటికెల్లిపో."